ఈ బాతు ఎవరి బిడ్డ?

1877లో రష్యా తూర్పు కొసన, వ్లాదివోస్తోక్ దగ్గర ఒక ఆడబాతు వేటలో దొరికింది. అలాంటి బాతును అంతకుముందు ఏ పుస్తకమూ వర్ణించలేదు. 1890లో ఫిలిప్ స్క్లేటర్ అనే పేరుమోసిన ఆంగ్ల పక్షి శాస్త్రవేత్త దాన్ని పరిశీలించి, ఇది కొత్త జాతి కాదు, రెండు జాతులు కలిసి కన్న సంకరం అని తేల్చేశాడు. తల్లిదండ్రులు ఎవరో కూడా చెప్పాడు. ఒకటి రడ్డీ షెల్డక్, అంటే మన కావ్యాల్లో రాత్రయితే జంటను వీడి ఏడ్చే జక్కవ. రెండోది ఫాల్కేటెడ్ డక్ అనే తూర్పు ఆసియా బాతు.

ఇరవై ఏడేళ్లు ఆ మాటే చెల్లింది. 1917లో జపాన్ శాస్త్రవేత్త నగమిచి కురోడా, కొరియాలోని బుసాన్ దగ్గర దొరికిన మరో ఆడబాతును ముందు పెట్టుకుని, ఇది సంకరం కాదు, దానిదే ఒక జాతి అని ప్రకటించాడు. అప్పుడు కూడా కొందరు నమ్మలేదు. మగది కూడా ఒకటి ఉందని తెలిశాక, పాత జపాన్ చిత్రాల్లో అదే బాతు జంటగా కనబడ్డాక వాదన చల్లారింది. ఇవాళ దాని పేరు క్రెస్టెడ్ షెల్డక్. ప్రపంచం మొత్తం మీద మూడే నమూనాలున్నాయి, మూడూ మ్యూజియాల్లోనే. 1964లో వ్లాదివోస్తోక్ దగ్గరి సముద్రంలో మూడు పక్షులు కనబడ్డాయన్నది దాని గురించి వచ్చిన చివరి గట్టి కబురు. సంకరం అని ముద్ర పడ్డ పక్షి కోసం ఎవరు వెతుకుతారు?

దీనికి తిరగేసిన కథ అమెరికాలో జరిగింది. 1822లో లూసియానాలో జాన్ జేమ్స్ ఆడుబాన్ చేతికి ఒక వింత మగబాతు చిక్కింది. ఆయన దాని బొమ్మ గీసి, మిత్రుడు థామస్ బ్రూవర్ పేరు మీద ‘బ్రూవర్స్ డక్’ అన్నాడు. పేరైతే పెట్టాడు కానీ ఇది మల్లార్డ్‌కూ గాడ్వాల్‌కూ పుట్టినదేమో అన్న అనుమానం ఆయనకే ఉంది. ఆ అనుమానమే నిజం. ఆ రెండు జాతుల సంకరాన్ని ఇప్పటికీ ముద్దుగా ఆ పేరుతోనే పిలుస్తారు.

కొత్త జాతి అనడం ఎంత పెద్ద మాటో, సంకరం అనడమూ అంతే పెద్ద మాట. రెంటికీ సాక్ష్యం కావాలి. అయితే ఈ రోజుల్లో మొదటి మాట అనడానికి జంకేవాళ్లు కూడా రెండోది సులువుగా అనేస్తున్నారు. ఫోటోలో బాతు మెడ కాస్త తేడాగా ఉంటే చాలు, ‘హైబ్రిడ్డేమో’ అనేస్తారు. ఫోన్లోని యాప్‌ను అడిగినా ప్రయోజనం తక్కువ. అది తనకు నేర్పిన జాబితాలోంచి దగ్గర్లో ఉన్న పేరొకటి తీసి చెబుతుంది.

నిజానికి నీటిపక్షుల్లో, ముఖ్యంగా బాతుల్లో, ఈ అనుమానానికి ఆధారం లేకపోలేదు. గలాపగోస్ దీవుల్లో ఫించ్ పిట్టల మీద దశాబ్దాలు పనిచేసిన పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1992లో ఒక లెక్క వేశారు. ప్రపంచంలోని పక్షి జాతుల్లో ప్రకృతిలో ఇంకో జాతితో కలిసి పిల్లల్ని కన్నట్టు దాఖలా ఉన్నవి పదింట ఒకటి కంటే కొంచెం తక్కువ. బాతులు, హంసల వర్గంలో మాత్రం అవి నూటికి నలభై దాటాయి. మరే పెద్ద వర్గమూ దీని దరిదాపుల్లో లేదు.

కారణాలు బాతుల బతుకులోనే ఉన్నాయి. చాలా బాతులు జోడీ కట్టేది గుడ్లు పెట్టే చోట కాదు, శీతకాలపు విడిదిలో. మన చెరువుల్లోనూ కొల్లేటిలోనూ పులికాట్‌లోనూ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సూదితోక బాతులు, విజన్‌లు, గాడ్వాల్‌లు, షోవెలర్‌లు, గార్గనీలు ఒకే నీటి మీద తిరుగుతున్నప్పుడే ఆ చూపులు కలుస్తాయి. తర్వాత మగది ఆడదాని వెంట, అది పుట్టిన ఊరికి ఇల్లరికం పోతుంది. తన జాతి జోడీ దొరకని ఒంటరి పక్షి పక్క గుంపులో వెతుక్కుంటుంది. పైగా కొన్ని పోచార్డ్ బాతులకు పరాయి గూట్లో గుడ్లు పెట్టే అలవాటు ఉంది. గుడ్డులోంచి బయటికి రాగానే చూసిన మొహాన్నే తల్లి అనుకోవడం బాతు పిల్లల గుణం. కొన్రాడ్ లోరెంజ్ 1973లో నోబెల్ అందుకోవడం వెనక ఈ పరిశీలన కూడా ఉంది. అలా పరాయి తల్లి దగ్గర పెరిగిన పిల్ల, పెద్దయ్యాక ఆ తల్లి పోలికలున్న జోడీనే కోరుకోవచ్చు. పుట్టిన పిల్లలు చాలాసార్లు ఆరోగ్యంగా, సంతానం కనగలిగేలా ఉండటం ఇంకో కారణం.

ఇంత చెప్పాక కూడా, ఏ శీతకాలంలోనైనా మన చెరువు కట్ట మీద నిలబడి చూసే వింత బాతుల్లో ఎక్కువ భాగం సంకరాలు కావు. ముందు తోసిపుచ్చవలసిన అనుమానితులు వేరే ఉన్నారు.

మొదటిది ఈకల మార్పిడి. మగబాతు రంగులు ఏడాది పొడుగునా ఉండవు. పిల్లల కాలం ముగిసిన తర్వాత రంగురంగుల ఈకలు రాలిపోయి, కొన్ని నెలల పాటు అది ఆడదానిలా మట్టిరంగులో ఉంటుంది. దీన్నే ఎక్లిప్స్ అంటారు. అక్టోబరు, నవంబరుల్లో మన దగ్గరికి దిగే మగబాతులు చాలా వరకు సగం మారిన స్థితిలోనే వస్తాయి. తల మీద కొంత రంగు, ఒంటి మీద కొంత మట్టి, ఎవరి పోలికా సరిగ్గా కుదరదు. గార్గనీ మగది మరీ ఆలస్యం. కనుబొమ మీది ఆ తెల్లటి చారను ఫిబ్రవరి దాకా పూర్తిగా తెచ్చుకోదు. షోవెలర్‌ది ఇంకా తమాషా. ఎక్లిప్స్‌కీ పూర్తి అలంకారానికీ మధ్య దానికి మరో వేషం ఉంది. అప్పుడు ముక్కుకూ కంటికీ నడుమ నెలవంకలాంటి తెల్ల మచ్చ వస్తుంది. అమెరికాలో బ్లూవింగ్డ్ టీల్ అనే బాతుకు సరిగ్గా అక్కడే నెలవంక ఉంటుంది కాబట్టి, పుస్తకం తిరగేసినవాళ్లు ఈ రెంటి సంకరం చూశామని సంబరపడతారు. వెడల్పాటి ముక్కు తేడా లేకుండా షోవెలర్‌దే అయితే ఆ సంబరం అక్కడితో సరి.

రెండోది వయసు. మన సొంత బాతు స్పాట్‌బిల్డ్ డక్‌కు ముక్కు మొదట్లో రెండు ఎర్ర చుక్కలు, చివర పసుపు ఉంటాయి. చుక్కలు లేనిది కనబడగానే తూర్పు ఆసియాలో ఉండే దాని దాయాదితో సంకరమైందని అనుకోనక్కర్లేదు. పిల్లలకు ఆ చుక్కలుండవు, ఆడవాటికి చిన్నగా వెలిసిపోయి ఉండొచ్చు.

మూడోది చాలామందికి తెలియనిది, నాకైతే అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది. బాతుల్లో మగవాడి రంగులు మగ హార్మోన్ వల్ల వచ్చేవి కావు. ఆడ హార్మోన్ అయిన ఈస్ట్రోజన్ ఆ రంగుల్ని అణచి ఉంచుతుంది. వయసు వల్లనో జబ్బు వల్లనో అండాశయం పనిచేయడం మానేస్తే ఆ అణచివేత తొలగి, ముసలి ఆడబాతు మగ ఈకలు వేసుకోవడం మొదలెడుతుంది. పచ్చటి తల, తెల్లటి మెడపట్టీ, కానీ అన్నీ అరకొరగా. చూసేవాళ్లకు అచ్చం రెండు జాతుల మధ్య పుట్టినట్టే అనిపిస్తుంది. ముక్కు చూస్తే గుట్టు బయటపడుతుంది. మల్లార్డ్‌లో మగదానికి పసుపుపచ్చ ముక్కు. ఇలా మారిన ఆడదానికి చాలాసార్లు ఆ నారింజ గోధుమ మచ్చల ముక్కే మిగులుతుంది. గొంతు విప్పితే ఇక అనుమానమే ఉండదు, ‘క్వాక్’ అని గట్టిగా అరిచేది ఆడదే.

ఈకల్లో రంగు తగ్గిపోయిన పక్షులు, రంగు మరీ ఎక్కువైనవి, ఇనుము ఎక్కువున్న బురదలో తిరిగి పొట్టంతా తుప్పురంగు పట్టినవి కూడా ఉంటాయి. వీటిని పోల్చడం కష్టం కాదు. మరకైతే ఏ ఈక సరిహద్దునూ లెక్కచేయకుండా, నీరు తగిలే చోటల్లా ఉంటుంది.

మన డెల్టాలో మాత్రం వీటన్నిటికంటే పెద్ద అనుమానితుడు నాటు బాతే. కోతలయ్యాక కృష్ణా, గోదావరి మాగాణుల్లో రాలిన గింజలూ నత్తలూ ఏరుకుంటూ వందల బాతుల మందలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి సాగుతుంటాయి. వాటి వెనక కర్ర పట్టుకుని కాపరులు. మస్కవీ అనే దక్షిణ అమెరికా బాతును పక్కన పెడితే, మనుషులు పెంచే బాతులన్నీ అడవి మల్లార్డ్ సంతతే. శతాబ్దాలుగా ఏరి పెంచడం వల్ల వాటిలో తెలుపు, నలుపు, ఖాకీ, మచ్చలు, తెల్ల రొమ్ము ఇలా ఎన్ని రంగులైనా పుడతాయి. ఖాకీ కాంప్‌బెల్ కూడా ఆ వంశమే. మంద నుంచి తప్పిపోయిన ఒకటి చెరువులో చేరితే పక్షి ప్రేమికులకు మంచి చిక్కు ప్రశ్న అవుతుంది. అసలైన అడవి మల్లార్డ్ ఉత్తర భారతంలో మామూలు గానీ మన రాష్ట్రాల దాకా రావడం అరుదు. అందుకని పల్లె చెరువులో పచ్చతల బాతు కనబడితే ముందు అనుమానించాల్సింది పక్కింటి పెరటినే. ఒళ్లు బరువుగా, వెనకభాగం నేలకు వాలినట్టు ఉంటే, మనిషిని చూసి ఎగరకుండా పక్కకు ఈదుకుంటూ పోతే సందేహం ఇంకా తగ్గుతుంది. ఇలాంటివి స్పాట్‌బిల్డ్ బాతులతో కలిస్తే మాత్రం పిల్లలు పుడతాయి, ఆ పిల్లలూ సంతానం కంటాయి. మస్కవీకీ నాటు బాతుకూ పుట్టిన ములార్డ్ వేరే సంగతి. అది గొడ్డు పక్షి. మాంసం కోసం ఫ్రాన్స్‌లో, తైవాన్‌లో కావాలనే పుట్టిస్తారు.

ఇవన్నీ తోసేశాకే అసలు ప్రశ్న మొదలవుతుంది. సంకరమైతే ఎలా ఉండాలి?

బారసాలకు వచ్చిన చుట్టాలు ఉయ్యాల చుట్టూ చేరి ముక్కు తండ్రిదనీ, నుదురు మేనత్తదనీ పంచుకున్నట్టు మనమూ ఇక్కడ పంచుకోబోతాం. సంకర పక్షి ఆ పంపకానికి లొంగదు. కొన్ని లక్షణాలు సరిగ్గా మధ్యలో ఉంటాయి. కొన్ని ఒకరివే పూర్తిగా దిగుతాయి. ఇంకొన్ని ఇద్దరికీ లేనివి. మల్లార్డ్‌కూ సూదితోక బాతుకూ పుట్టిన మగదానికి తల కంచు మెరుపున్న ఆకుపచ్చ, ముక్కు పక్కల సూదితోక బాతు బూడిదరంగు, తోక నడిమి ఈకలు పొడవుగా ఉండి కూడా మల్లార్డ్‌లా కాస్త పైకి వంగి ఉంటాయి. చూడగానే తెలిసిపోయే సంకరం అది.

ఇద్దరికీ లేని లక్షణాల సంగతి మరీ వింత. కొన్ని జతల పిల్లల్లో చెంపల మీద రెండు లేత మచ్చలు, మధ్యలో ముదురు గీత వస్తాయి. తల్లికీ లేవు, తండ్రికీ లేవు. సైబీరియాలో పుట్టే బైకాల్ టీల్ అనే మరో బాతుకు మాత్రం దాదాపు అలాంటి మొహమే ఉంటుంది. బాతుల ఉమ్మడి పూర్వీకుల్లో ఉన్న అమరిక ఒకటి జన్యువుల్లో అణగి ఉండి, రెండు జాతుల ఆజ్ఞలు ఒకదానికొకటి పొసగనప్పుడు పైకి తేలుతుందని ఒక వివరణ. మనకు బైకాల్ టీల్ చాలా అరుదైన అతిథి. ఎక్కడైనా ఒకటి కనబడిందని కబురు వస్తే, ఈ సంగతి తెలిసినవాళ్లు ముందు ముక్కునీ రెక్కనీ అడుగుతారు.

నీళ్లలో మునిగి మేత వెతికే పోచార్డ్ వర్గంలో తికమక ఇంకా లోతుకు పోతుంది. కామన్ పోచార్డ్, టఫ్టెడ్ డక్, ఫెరూజినస్ పోచార్డ్ మూడూ మన దగ్గర శీతకాలం గడుపుతాయి. మొదటి రెంటికీ పుట్టిన మగది తనకు ఏ సంబంధమూ లేని స్కాప్ అనే మూడో బాతును అనుకరిస్తుంది. తల ముదురు, వీపు బూడిద, పక్కలు లేత. తేడా రెండు చోట్ల దొరుకుతుంది. స్కాప్ ముక్కు చివర ఉన్న గోరు మాత్రమే నల్లగా ఉంటుంది. సంకరానికి ఆ నలుపు గోరు దాటి ముక్కు కొసంతా పరుచుకుంటుంది. కన్ను చూడండి. టఫ్టెడ్‌ది పసుపు, పోచార్డ్‌ది ఎరుపు, వీటి బిడ్డది నారింజ. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో పోచార్డ్, ఫెరూజినస్‌ల సంకరానికి పాజెట్స్ పోచార్డ్ అని కొత్త జాతి పేరే పెట్టేశారు.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఈకల రంగు కంటే ఈకలు లేని భాగాల మీదే ఎక్కువ నమ్మకం పెట్టుకుంటారు. ముక్కు ఆకారం, దాని మీది నలుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, కంటి రంగు, కాళ్ల రంగు. నుదురు ముక్కులోకి ఎలా దిగింది, తల నడినెత్తి ఎక్కడ ఎత్తుగా ఉంది. ఆ తర్వాత రెక్క విప్పినప్పుడు కనబడే మెరుపు పట్టీ. రంగులు ఎండలో, మబ్బులో మారిపోతాయి. ఎదురెండలో ఆకుపచ్చ తల ఊదాగా, నల్లగా కూడా అవుతుంది. ముక్కు మీది నల్ల గుర్తు మారదు.

కొంగల్లో ఇదే చిక్కు సముద్రం ఒడ్డున ఎదురవుతుంది. కాకినాడ మడ అడవుల వైపు, పులికాట్ ఒడ్డున, మామూలు చిన్న తెల్ల కొంగ పక్కనే వెస్ట్రన్ రీఫ్ హెరాన్ ఉంటుంది. ఇది నల్లబూడిద రంగులోనూ ఉంటుంది, పూర్తి తెలుపులోనూ ఉంటుంది, మధ్యలో మచ్చలతోనూ ఉంటుంది. చిన్న తెల్ల కొంగతో ఇది జోడీ కడుతుందన్నది తెలిసిన విషయమే. ఒకప్పుడు రెండూ ఒకే జాతి అన్నవాళ్లూ ఉన్నారు. తెల్ల ఒంటి మీద బూడిద ఈకలు నాలుగు కనబడితే అది సంకరమే కానక్కర్లేదు, రీఫ్ హెరాన్ తనంతట తానే అలా ఉండగలదు. లావుగా, కాస్త కిందికి వంగినట్టున్న గోధుమ పసుపు ముక్కు దానిది. సన్నగా నల్లగా ఉంటే చిన్న కొంగ. ముక్కు ఒకరిది, రంగు ఇంకొకరిది అయిన పక్షి దగ్గర మాత్రం నిజాయితీపరుడెవడూ తొందరపడడు.

ఉప్పలపాడు, తేలినీలాపురం, నేలపట్టుల్లో గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగకు, అంటే పెయింటెడ్ స్టార్క్‌కు, మన దగ్గర ఈ ప్రమాదం లేదు. దాని దగ్గరి బంధువు మిల్కీ స్టార్క్ ఉండేది ఆగ్నేయాసియాలో. సింగపూర్‌లో, కౌలాలంపూర్‌లో జంతు ప్రదర్శనశాలల నుంచి స్వేచ్ఛగా ఎగిరే ఎర్రకాళ్ల కొంగలు అక్కడి మిల్కీ స్టార్క్‌లతో కలిసిపోయాయి. రొమ్ము మీద చెరిగిపోయినట్టున్న నల్ల పట్టీ, తోక దగ్గరి ఈకల్లో లేత గులాబీ ఛాయ వాటి పిల్లల గుర్తులు. మిల్కీ స్టార్క్ అసలే అంతరించే స్థితిలో ఉంది కాబట్టి అక్కడివాళ్లకు ఇది చిన్న తలనొప్పి కాదు.

ఎంత పరీక్షగా చూసినా కంటికి ఒక హద్దుంది. సంకరం పెద్దదై తిరిగి అసలు జాతిలోనే జోడీ కడితే, ఆ పిల్లల్లో రెండో జాతి వాటా సగటున నాలుగో వంతు. మరో తరానికి ఎనిమిదో వంతు. ఈకల మీద అప్పటికి దాదాపు జాడే ఉండదు. జన్యు పరీక్ష చేసినా, తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ ఒక్కటే చదివితే తల్లి ఎవరో తెలుస్తుంది, తండ్రి దాక్కుంటాడు. కణకేంద్రకంలోని డీఎన్ఏ కూడా చదవాలి.

సంకరాల్లో మగవే ఎక్కువ కనబడతాయన్న మాట పక్షి వీక్షకుల్లో ఉంది. కొంత మన చూపు లోపమే, మట్టిరంగు ఆడబాతుల్ని ఎవరు పట్టి పట్టి చూస్తారు? ఇంకొంత జన్యుశాస్త్రం. సంకర సంతానంలో ఒక లింగం లేకపోయినా, తక్కువైనా, గొడ్డుదైనా, అది రెండు వేర్వేరు లింగ క్రోమోజోములున్న లింగమే అవుతుందని జె.బి.ఎస్. హాల్డేన్ 1922లో చెప్పాడు. మనుషుల్లో అలాంటివి మగవాళ్లకు ఉంటాయి. పక్షుల్లో ఆడవాటికి. అంటే దూరపు జాతులు కలిసినప్పుడు దెబ్బ తినేది కూతుళ్లే. ఈ హాల్డేన్ 1957లో ఇంగ్లండ్ వదిలి మన దేశానికి వచ్చేసి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. మన తెలుగువాడు కృష్ణ ద్రోణంరాజు ఆయన దగ్గర పరిశోధన చేసి, తర్వాత ఆయన జీవితం మీద, పని మీద పుస్తకాలు రాశాడు.

హాల్డేన్ చెప్పిన ఆ సూత్రం న్యూజిలాండ్‌లో ఒక జాతి విషయంలో అక్కరకొచ్చింది. మన చెరువుల్లో ఎర్రటి పొడుగు కాళ్ల మీద నడిచే నలుపు తెలుపు స్టిల్ట్ పిట్టకు అక్కడ పూర్తి నల్లని బంధువు ఉంది, పేరు కకీ. 1981 నాటికి పెద్ద పక్షులు 23 మాత్రమే మిగిలాయి. జోడీలు దొరక్క అవి అక్కడి నలుపు తెలుపు పైడ్ స్టిల్ట్‌లతో కలవడం మొదలెట్టాయి. ఒంటి మీది నలుపు తెలుపుల వాటాను బట్టి అక్కడి సిబ్బంది పక్షుల్ని మెట్లుగా విడదీసి, ఏది శుద్ధమో ఏది సంకరమో గుర్తించేవాళ్లు. జాతి ఇప్పటికే కలిసిపోయి ఉంటుందన్న భయం ఉండేది. 2010లో వెలువడ్డ జన్యు అధ్యయనం, పైడ్ స్టిల్ట్ జన్యువులు కకీలోకి పెద్దగా చొరబడలేదని చూపించింది. సంకర ఆడపక్షులకు పిల్లలు సరిగా దక్కకపోవడం దానికొక కారణం.

స్పెయిన్‌లో అలాంటి అదృష్టం లేదు. 1948లో ఇంగ్లండ్‌లోని స్లింబ్రిడ్జ్‌కు ప్రదర్శన కోసం తెచ్చిన అమెరికా రడ్డీ డక్‌లు తప్పించుకుని పెరిగి, సముద్రం దాటి స్పెయిన్ చేరాయి. 1977లో 22కు పడిపోయి అప్పుడప్పుడే కోలుకుంటున్న వైట్‌హెడెడ్ డక్‌లతో జోడీ కట్టాయి. 1991 నుంచి సంకరాలు కనబడ్డాయి, అవి చక్కగా సంతానం కన్నాయి. చివరికి 2005 నుంచి బ్రిటన్ తన రడ్డీ డక్‌లను తుపాకీతో ఏరివేయాల్సి వచ్చింది. ఒకప్పుడు అక్కడ ఆరు వేల దాకా ఉండేవి. చంపడం సరైనదేనా అని అక్కడ పెద్ద గొడవే నడిచింది. చంపకపోతే ఒక జాతి పోయేదని నా అభిప్రాయం. చైనాలో బేయర్స్ పోచార్డ్‌కు ఇప్పుడు ఫెరూజినస్‌తో ఇదే ముప్పు పొంచి ఉంది. బేయర్స్ ఒకప్పుడు అస్సాం వైపు శీతకాలం గడిపిన బాతు. 2012 నుంచి అది అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. అక్కడ ఒక్క సంకరాన్ని సరిగ్గా పోల్చి రాసిపెట్టినా ఆ సమాచారం విలువైనదే.

జనవరి వస్తే చాలా ఆసియా దేశాలతో పాటు మన దగ్గరా నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచి ఆనవాయితీ అది. లెక్కల మధ్యలో వింత పక్షి దొరికితే చేయాల్సిన పని సులువే, ఓపిక మాత్రం కావాలి. మొదటి ఫోటోతో ఆగకూడదు. పక్క నుంచి, ఎదురుగా, వెనక నుంచి, రెక్క విప్పినప్పుడు, ఈకలు సర్దుకుంటున్నప్పుడు, పక్కన తెలిసిన జాతి పక్షి ఉన్నప్పుడు తీయాలి, సైజు తెలిసేది ఆ చివరిదానితోనే. కన్నూ ముక్కూ దగ్గరగా ఉన్న ఫోటో ఒకటైనా తప్పనిసరి. ఏ గుంపుతో తిరుగుతోంది, మునిగి తింటోందా తల ముంచి తింటోందా, మనిషిని ఎంత దగ్గరగా రానిచ్చింది, ఇవన్నీ అక్కడే రాసుకోవాలి. ఇంటికొచ్చాక జ్ఞాపకం మనకు నచ్చిన జవాబు వైపు జరిగిపోతుంది.

నమోదు చేసేటప్పుడు ఊహించిన తల్లిదండ్రుల పేర్లు రెండూ రాయాలి, ఏ లక్షణం ఎవరిదనుకున్నారో పక్కనే రాయాలి. రెండు పేర్లు చెప్పలేని సంకరం లెక్కలోకి రాదు. ఈబర్డ్ లాంటి పక్షుల నమోదు వెబ్‌సైట్లలో బాగా తెలిసిన సంకరాలకు విడిగా గడులున్నాయి. ఆ ధైర్యం చాలకపోతే జాతి తేలని బాతు అని పెట్టే గడి కూడా ఉంది, ఫోటోలు దానికే జతచేయవచ్చు. ఈ సీజన్లో తేలనిది ఫిబ్రవరిలో మళ్లీ వెళ్లి చూస్తే ఎక్లిప్స్ దిగిపోయిన మామూలు గార్గనీగా ఎదురుపడే అవకాశం చాలా ఉంది.